ఒక్క చెట్టు కూడా వద్దన్న మా మేనకోడలు

మా మేనకోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు నేను ఇప్పటికీ ఒకసారి గొంతు సవరించుకుంటాను. గడ్డిని కాపాడుతుంది. కాపాడడానికి కావలసిన డబ్బు పదిమందినీ అడిగి తెస్తుంది. ఇంతే. కానీ ఈ రెండు ముక్కలు చెప్పేసరికే ఎదుటివాడి మొహంలో నవ్వు మొదలవుతుంది. మన భాషలో గడ్డి ఏం పాపం చేసిందో గానీ దానికి పూచికపుల్లంత మర్యాద లేదు. తెలివి తక్కువ పని చేసినవాణ్ణి గడ్డి తింటున్నావా అంటాం. లంచం పట్టినవాడు గడ్డి కరిచాడంటాం. చివాట్లు వేస్తే గడ్డి పెట్టాడంటాం. అలాంటి గడ్డి పేరు చెప్పి ఇరవై ఏళ్ళకు పైగా జనం ముందు నిలబడి, ఒక్కరిచేత కూడా వేలెత్తి చూపించుకోకుండా నెట్టుకొచ్చింది మా అక్క కూతురు.

నేను ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా పాల సంఘానికి వరసగా నాలుగుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. మా ఊరికి చదువుల గది కట్టించాను. ఊరి దారి పొడవునా చెట్లు నాటించి పతకం అందుకున్నాను. అది మా ముందు గదిలో గోడకే ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఇన్ని చేసిన నేను కూడా, మా ఇంట్లో చెప్పుకోదగ్గ మనిషి ఎవరంటే ముందు దాని పేరే చెబుతాను. నా పేరు ఆ తర్వాతే.

అది సాధించినవి కొన్ని చెబుతాను. ఊరవతల ఎత్తు మీద ఉన్న గడ్డి నేలను మేము మీది బయలు అంటాం. దాన్ని తవ్వి రాయి తియ్యాలని వచ్చిన కాంట్రాక్టరును కోర్టు దాకా నడిపించి, వచ్చిన దారినే పంపేసింది. పిట్టలు పొదిగే నెలల్లో దారి పక్క గడ్డి కొయ్యకుండా రోడ్ల శాఖ వాళ్ళను ఒప్పించింది. ఆవులు ఏ నెలలో మెయ్యాలి, ఏ నెలలో పక్కకు తప్పుకోవాలి అని కాపరులతో నేల మీద కూర్చుని మాట్లాడి, వాళ్ళకూ నష్టం లేకుండా, గడ్డికీ నష్టం లేకుండా ఒక పద్ధతి పెట్టింది. బోడిగా మిగిలిపోయిన వాలు మీద, గడ్డి గింజలు చేత్తో దూసి తెచ్చి చల్లి, మళ్ళీ మోకాలెత్తు గడ్డి తెప్పించింది. బడిపిల్లలు దాన్ని గడ్డి మేడం అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు. ఇప్పుడు ఆ మాట చెప్పి పిల్లలే తమ ఇళ్ళల్లో చందా ఇప్పిస్తారు.

దాని ఆఫీసు తాళంచెవులు చేసే కొట్టు మీది గది. కింద మిషను తిరిగితే పైన బల్ల మీద పెన్నులు గజగజలాడతాయి. ఒక బీరువా, గోడకి బయళ్ళ పటం, మూడు కుర్చీలు. అందులో ఒకటి కుంటిది, దాని మీద నన్ను కూర్చోబెడుతుంది, నేను ఇంటి మనిషిని కాబట్టి. ఎవరినైనా పెద్ద మొత్తం అడగవలసిన రోజున ఆ గదిలో అడుగు పెట్టగానే నాకు తెలిసిపోతుంది. బల్ల తుడిచిందే తుడుస్తూ ఉంటుంది. పొద్దుటినుంచీ ఏమీ తిని ఉండదు. గ్లాసులో నీళ్ళు సగం తాగి పెట్టేసి, మళ్ళీ ఇంకో గ్లాసులో పోసుకుంటుంది.

"ఇన్నేళ్ళయినా ఈ వణుకేంటే? నీకిది కొత్తా?" అంటే,

"కొత్తయితే భయం ఉండదు మావయ్యా. కాదనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలిసిపోయాక ఉంటుంది" అంది ఒకసారి.

డబ్బు అడగడం అంటే పళ్ళికిలించి చెయ్యి చాపడం కాదని నేను దాని దగ్గరే తెలుసుకున్నాను. కావలసినదేమిటో సూటిగా చెప్పాలి. చెప్పాక నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక మనమే ముందు మాట్లాడితే, ఎదుటివాడు తప్పించుకుపోతాడు. మా అమ్మాయి ఆ నిశ్శబ్దంలో బల్ల కింద చేతులు పిసుక్కుంటూ, పైకి మాత్రం చల్లటి మొహంతో కూర్చుంటుంది. నేను చూశాను. నా వల్ల అయ్యే పని కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మీది బయలుకు ఆనుకుని కింది బయలు ఉంది. మీదిది మా అమ్మాయి పనిచేసే సంఘానిదే, కొనేశారు. కిందిది ఒక ఇటుకల వ్యాపారిది. సంఘంవాళ్ళు కౌలుకు తీసుకుని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్నారు. ఒక ఏడాది ఇటుకలాయన కబురు పెట్టాడు: కౌలు ఇక పొడిగించను, గోడౌన్లు కట్టేవాళ్ళు కొంటామంటున్నారు, మీరే కొనుక్కుంటే మీకే ఇస్తాను, కౌలు గడువు లోపల చెప్పండి అని. మనిషి చెడ్డవాడు కాడు. పిల్లల చదువులకు డబ్బు కావాలి, అంతే.

కింది బయలు పోతే ఏమవుతుందని అడిగాను. "నేలపిట్ట పోతుంది" అంది. గడ్డి రంగులోనే ఉండే చిన్న పిట్ట అది. చెట్టెక్కదు, నేల మీద గడ్డి దుబ్బు మొదట్లో గూడు పెడుతుంది. మీది బయలు దానికి చాలదు. రెండూ కలిసి ఉంటేనే బతుకుతుంది. మా అమ్మాయి కాలేజీలో చదివే రోజుల్లో దాని కూత వినడానికి పొద్దున్నే వెళ్ళి గడ్డిలో బోర్లా పడుకునేది. మా అక్క వెతుక్కుంటూ వెళ్ళి, పడిపోయిందేమో అనుకుని కేకలు పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి.

గడువు చూస్తే దగ్గరకొచ్చేసింది. చందాలు చూస్తే చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. అప్పుడు ఆ సంఘం అధ్యక్షుడు డ్రిల్లు మాస్టారు ఒక సలహా ఇచ్చాడు. బడిలో పిల్లలచేత కసరత్తు చేయించి రిటైరైన మనిషి. మంచివాడే, కానీ ఈల లేకుండా కూడా ఈల వేసినట్టే మాట్లాడతాడు.

"అమ్మా, గడ్డి గడ్డి అంటే ఎవడు జేబులో చెయ్యి పెడతాడు? గడ్డికి డబ్బులిచ్చానని ఇంట్లో చెబితే పెళ్ళాం గడ్డి పెడుతుంది. పచ్చదనం అను! పచ్చదనానికి చేయూత! ఎంత బాగుందో చూడు."

"పచ్చదనం అంటే జనానికి చెట్లే గుర్తొస్తాయి మాస్టారూ."

"గుర్తు రానీ. డబ్బులు వస్తాయి కదా!"

రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ఇటుకలాయన మళ్ళీ ఫోను చేశాడు. ఫోను పెట్టేసి, "సరే, పచ్చదనమే వెయ్యండి" అంది. కరపత్రం అచ్చయి వచ్చింది. పైన పచ్చదనానికి చేయూత అని ఇంత లావు అక్షరాలు. కింద, ఎవరూ అడక్కుండానే, గొడుగులా విచ్చుకున్న పెద్ద చెట్టు బొమ్మ! ప్రెస్సువాణ్ణి నిలదీస్తే, "చోటు ఖాళీగా ఉందండీ. పచ్చదనం అంటే చెట్టు కాక ఇంకేం బొమ్మ వేస్తాం?" అన్నాడు పాపం. మళ్ళీ అచ్చువేయించే టైము లేదు. ఆ కట్టలు అలాగే మందుల షాపుల్లోకీ, బట్టల షాపుల్లోకీ వెళ్ళిపోయాయి. మా అమ్మాయి ఆ చెట్టు బొమ్మ కేసి చూసినప్పుడల్లా, పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టేది.

మాస్టారు చెప్పినట్టే డబ్బులు రావడం పెరిగింది. అది కూడా ఒప్పుకోవాలి. కానీ కింది బయలు కొనేంత కాదు.

అప్పుడు టైర్లాయన ఫోను చేశాడు.

లారీ టైర్ల వ్యాపారంలో పైకి వచ్చిన మనిషి. ఊళ్ళో ఆయన షాపు ముందు టైర్లు మనిషి ఎత్తున పేర్చి ఉంటాయి. ఆయన భార్య కొన్ని నెలల క్రితం పోయింది. మందుల షాపులో కరపత్రం చూశాడట. ఎంత తక్కువ పడుతోందో అడిగాడు. మా అమ్మాయి చెప్పింది. చెప్పి, అలవాటు ప్రకారం నోరు మూసుకుంది. అవతల ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అంతా నేనే ఇస్తానమ్మా. మా ఆవిడకి చెట్లంటే ప్రాణం. తన పేరు మీద ఆ నేలలో ఒక్క చెట్టు నాటుకోనివ్వండి. ఇంకేం అడగను" అన్నాడు.

ఫోను పెట్టేశాక అది ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కుర్చీలో కూలబడింది.  విషయం తెలిసి డ్రిల్లు మాస్టారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు.

"ఒక్క చెట్టు! ఒకే ఒక్క చెట్టు! వెయ్యి అడిగాడా? తోట వేస్తానన్నాడా?"

"ఒక్కటి కూడా పెట్టకూడదు మాస్టారూ."

"ఎందుకు పెట్టకూడదు? చెట్టేమైనా నేలని మింగేస్తుందా?"

"చెట్టు మింగదు. చెట్టెక్కి కూర్చున్న కాకి మింగుతుంది. చుట్టూ కనుచూపు మేరలో ఎత్తు లేని చోటే నేలపిట్ట గూడు పెడుతుంది. ఒక్క కొమ్మ లేచిందంటే కాకికీ గద్దకీ కూర్చునే చోటు దొరికినట్టే. పైనుంచి గూళ్ళన్నీ కనపడతాయి. ఇక పిట్ట ఆ చుట్టుపక్కలకి రాదు."

నేను ఊరుకోలేకపోయాను. పతకం అందుకున్నవాణ్ణి కదా. "ఒసేయ్, చెట్టుని కాదన్న మనిషిని ఈ లోకంలో నిన్నే చూస్తున్నాను. పాపం ఆయన భార్య పోయిన దుఃఖంలో అడిగాడు. ఓ మూల పెట్టించెయ్. పెరగడానికి పదేళ్ళు పడుతుంది, అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు" అన్నాను.

"అప్పుడు కొట్టేద్దామా మావయ్యా? వాళ్ళావిడ పేరు మీద ఉన్న చెట్టుని?"

 కుంటి కుర్చీ అటూ ఇటూ ఊగించుకుంటూ కూర్చున్నాను.

టైర్లాయన బయలు చూడడానికి వస్తానన్న రోజు దాకా మా అక్క ఇంట్లో ఇదే గొడవ. అమ్మాయి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. "ముందే ఫోనులో చెప్పెయ్యరాదూ?" అని వాళ్ళమ్మ. "ఫోనులో చెబితే అది కాదనడం అవుతుందమ్మా. నేల మీద నిలబెట్టి చెబితే అది చూపించడం అవుతుంది" అని ఇది. మా అక్క నా వైపు తిరిగి, "విన్నావా తమ్ముడూ? దీన్ని కన్నందుకు నాకు కడుపులో మంటకి మందులు తప్పవు" అంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం వేళ వచ్చాడు టైర్లాయన. వెంట కూతురు. నేనూ మాస్టారూ ముందే వెళ్ళి ఉన్నాం. ఎండలు ముదిరిన కాలం. రెండు బయళ్ళూ అంచుల దాకా పసుపు రంగులో మెరుస్తున్నాయి. గాలి వీస్తే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక అల వచ్చి వెళ్తోంది.

కారు దిగి ఆయన అటూ ఇటూ చూశాడు. "పచ్చదనం అన్నారు?"

డ్రిల్లు మాస్టారు ముందుకు ఉరికాడు. "పచ్చగానే ఉంది కదండీ! పసుపుపచ్చ! అదీ పచ్చే!"

కూతురు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాపుకుంది. ఆయన నవ్వలేదు. కారు వెనక తలుపు తీసి, రెండు చేతులతో జాగ్రత్తగా ఒక కుండీ దించాడు. అందులో జానెడు మొక్క. "మా ఆవిడ పెట్టిందే. విత్తు తనే వేసింది. ఆసుపత్రికి వెళ్ళేరోజు కూడా నీళ్ళు పోసి వెళ్ళింది" అన్నాడు.

మా అమ్మాయి వైపు చూశాను.  దాని చూపు కుండీ మీద లేదు, నా భుజం మీదుగా వెనక్కి ఉంది. నేనూ తిరిగి చూశాను. మీది బయలు నడిబొడ్డున, పిట్టలు పొదుగుతున్న చోటికి కూతవేటు దూరంలో, కొత్తగా తవ్విన గుంట ఉంది. చుట్టూ తెల్ల సున్నం వేసిన రాళ్ళు వరసగా పేర్చి, పక్కన బకెట్టు నిండా నీళ్ళు. మాస్టారు ఎవరికీ చెప్పకుండా తెల్లారే వచ్చి చేసిన పని అది. అదేదో ఆటల పోటీలకు మైదానం సిద్ధం చేసినంత ముచ్చటగా ఉంది.

"ఏర్పాట్లు చేశానండీ, రండి రండి!" అంటున్నాడు మాస్టారు.

"ఆగండయ్యా" అంది మా అమ్మాయి. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, గాలికి నాకే సగం వినపడింది. మళ్ళీ అంది. "ఆగండయ్యా. ఆ మొక్క ఇక్కడ పెట్టకూడదండీ."

ఆయన కుండీ పట్టుకుని నిలబడిపోయాడు. "గుంట తీసి మరీ పెట్టకూడదంటారేంటి?"

"ఆ గుంట మా తప్పు. కరపత్రం కూడా మా తప్పే. గడ్డి అని రాయవలసిన చోట పచ్చదనం అని రాశాం. రాసేటప్పుడే నాకు తెలుసు చెట్లు గుర్తొస్తాయని. గడ్డి అంటే ఎవరూ ఇవ్వరన్న భయంతో ఒప్పుకున్నాను. మీరు కరపత్రం నమ్మి వచ్చారు. ఇది చెట్లు పెట్టే నేల కాదండీ. మీరు డబ్బు ఇవ్వనన్నా నేను ఇదే చెప్పాలి."

"నేనేం తోట వేస్తానన్నానా? ఒక్కటి. ఒక్క మొక్క."

"ఒక్కటయినా సరేనండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "అడుక్కునేది నువ్వు. ఇచ్చేది నేను. నాకే గడ్డి పెడుతున్నావా అమ్మాయ్?"

ఇంకో వేళ అయితే ఆ మాటకి నేనే పడీ పడీ నవ్వేవాణ్ణి. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. మా అమ్మాయి, "నాతో ఒక్కసారి ఆ మూలకి రండయ్యా" అని ముందు నడిచింది. వస్తాడో రాడో తెలియదు. వెనక్కి తిరిగి చూడలేదు. కొంత దూరం పోయాక, కుండీ చంకన పెట్టుకుని ఆయనా కదిలాడు. వెనక కూతురు, ఆ వెనక మేము.

బయలు మూలన పాత కరెంటు స్తంభం ఒకటుంది. తీగలు తీసేసి చాలా కాలమైంది, స్తంభం తియ్యమని మా అమ్మాయి ఆ శాఖ చుట్టూ తిరుగుతూనే ఉంది. మేము దగ్గరకు వెళ్ళేసరికి స్తంభం మీద నుంచి ఒక కాకి లేచి, కాస్త పైన గిరికీ కొట్టి, మేము ఎప్పుడు పోతామా అన్నట్టు చూడసాగింది. స్తంభం మొదట్లో గడ్డి తొక్కుడుపడి ఉంది. అక్కడ గోధుమ రంగు ఈకలు. పగిలిన గుడ్ల పెంకులు. గోరంత ముక్కున్న ఒక తల.

మా అమ్మాయి వంగి ఆ ఈక ఒకటి తీసింది. "ఈ స్తంభం చుట్టూ రాయి విసిరినంత దూరంలో ఒక్క గూడు లేదండీ. మిగతా బయలంతా ఉన్నాయి. ఇది ఒక్క స్తంభం. ఆకు లేదు, కొమ్మ లేదు."

అంతే అంది. ఇక మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదు. గాలి చప్పుడు, పైన కాకి. డ్రిల్లు మాస్టారు నోరు తెరవబోతే నేను ఆయన మోచెయ్యి గట్టిగా గిల్లాను. పాల సంఘంలో ఎన్నో గొడవలు సర్దిన మనిషిని నేను, కానీ అంత భారమైన నిశ్శబ్దం ఎప్పుడూ మోయలేదు.

చివరికి ఆయన, "పదమ్మా" అన్నాడు. అన్నది కూతురితో. కారెక్కి కుండీ ఒళ్ళో పెట్టుకున్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. ధూళి లేపుకుంటూ కారు వెళ్ళిపోయింది.

"పోయింది! కింది బయలు పోయింది!" అని మాస్టారు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ఒక్క ముక్క ఊ అని ఉంటే ఈపాటికి చెక్కు చేతిలో ఉండేది!"

మా అమ్మాయి బకెట్టులో నీళ్ళు అక్కడి గడ్డి మీద పోసి, సున్నం రాళ్ళు ఒక్కొక్కటే ఏరి గట్టున పడేసి, గుంటలోకి కాలితో మట్టి తోసింది. నేను సాయం చేశాను. మాస్టారు కాసేపు చూసి, గొణుక్కుంటూ ఆయనా ఒక చెయ్యి వేశాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. గడువు ఆ వారంతో ఆఖరు. ఇటుకలాయన అడుగుతున్నాడు. గోడౌన్లవాళ్ళు కొలతలు వేసుకుని పోయారు. మా అమ్మాయి పాత దాతలందరికీ ఫోన్లు చేసింది. ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చారు, కానీ లోటు లోటులాగే ఉంది. టైర్లాయనకు మాత్రం చెయ్యలేదు. "ఒక్కసారి మాట్లాడవే, కోపం తగ్గి ఉంటుంది" అని మా అక్క బతిమాలింది. "నేను చేస్తే దుఃఖంలో ఉన్న మనిషి వెంటబడినట్టుంటుందమ్మా" అంది. అనడం అంటే అంది గానీ, ఫోను మోగినప్పుడల్లా ఒక్క ఉరుకున వెళ్ళి అందుకునేది. మోగనప్పుడు ఫోను తిరగేసి చూసి, పనిచేస్తోందా లేదా అని నాచేత ఒక రింగు ఇప్పించుకునేది.

గడువు ఆఖరి రోజున టైర్లాయన ఆఫీసుకే వచ్చాడు. మెట్ల మీద అడుగులు విని మాస్టారేమో అనుకున్నాం. ఈయన. ఒక్కడే. నేను లేచి కుంటి కుర్చీ పక్కకు లాగి మంచిది వేశాను.

"మీ మాస్టారు నిన్న మా షాపుకి వచ్చాడు. తెలుసా?" అన్నాడు కూర్చోకుండానే.

మా అమ్మాయి నా వైపు చూసింది. నాకూ తెలియదు.

"మేడంకి చెప్పకండి, మేము తర్వాత గుట్టుగా ఓ పక్కన నాటించేస్తాం, డబ్బు మాత్రం ఈ వారంలోనే ఇప్పించండి అన్నాడు."

మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. నాకు ఆ డ్రిల్లు మాస్టారు ఎదురుగా ఉంటే మెడ పట్టుకునేవాణ్ణి.

"మా ఆవిడ పేరు మీద దొంగచాటు పనా?" అన్నాడు టైర్లాయన. కోపంగా కాదు, నొప్పిగా. "కసిరి పంపేశాను. పంపాక కూర్చుని ఆలోచించాను. నేను ముప్ఫై ఏళ్ళు వ్యాపారం చేశాను. అరిగిన టైరుని కొత్తదని చెప్పి అమ్మేవాణ్ణి చూశాను. ఇది అరిగింది, ఘాట్ రోడ్డు ఎక్కించొద్దు అని చెప్పి, బేరం పోగొట్టుకున్నవాణ్ణీ చూశాను. నేను ఎవరికి అప్పు పెట్టేవాణ్ణో చెప్పనా? ఆ రెండోవాడికి."

అప్పుడు కూర్చున్నాడు. జేబులోంచి చెక్కు తీసి బల్ల మీద పెట్టాడు. కింద కొట్టులో మిషను తిరగడం మొదలైంది. బల్ల అదిరి చెక్కు కొంచెం జరిగింది. మా అమ్మాయి చటుక్కున అరచెయ్యి దాని మీద వేసి ఆపింది. వేశాక ఆ చెయ్యి తియ్యడం మరచిపోయింది.

"మొక్క?" అంది.

"మా ఇంట్లోనే ఉంటుంది. అది నేను నీళ్ళు పోసుకుంటాను. నాకూ ఏదో ఒక పని ఉండాలి కదా."

"అమ్మగారి పేరుతో బయలు గట్టున ఒక బోర్డు పెట్టిస్తామండీ. పెద్ద అక్షరాలతో."

ఆయన చెయ్యి ఊపాడు. "బోర్డు మీద కాకి కూర్చోదా?"

మా అమ్మాయి నవ్వబోయింది. నవ్వు సగంలో తప్పిపోయి, కళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. తల వంచుకుని రసీదు రాయడం మొదలుపెట్టింది. మొదటిది చింపేసింది. రెండోదీ చింపేసింది. "నిదానంగా రాయమ్మా, నేనేం పారిపోవడం లేదు" అన్నాడు ఆయన.

ఆయన మెట్లు దిగుతుండగానే ఇటుకలాయనకు ఫోను కలిపింది. మోగుతోంది. ఎత్తడం లేదు. ఆగిపోయింది. మళ్ళీ కలిపింది. మాకు ఇద్దరికీ తెలుసు, ఆఖరి రోజు సాయంత్రం దాకా చూస్తానన్నాడు, గోడౌన్లవాళ్ళు ఆయన ఇంట్లోనే కూర్చున్నారని మధ్యాహ్నం ఎవరో చెప్పారు. నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాను. వెనక్కి వచ్చాను. "ఇంకోసారి చెయ్యవే" అన్నాను. "చేస్తున్నా మావయ్యా, చేస్తున్నా" అంది, ఫోను చెవికి అంత గట్టిగా నొక్కి పట్టుకుంటే చెవి ఎర్రబడింది.

మూడోసారి ఎత్తాడు.

"అయ్యా, నేనండీ" అంది, ఒక్క ఊపిరిలో. "కింది బయలు మేమే తీసుకుంటున్నాం. డబ్బు ఉంది. సంతకం పెట్టేశారా మీరు?"

అటువైపు ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. దాని మొహం చూస్తూ నిలబడ్డాను. ఏమీ తెలియడం లేదు. ఎంతసేపటికి ఆ పెదవులు కదులుతాయా అని చూస్తున్నాను.

"అలాగేనండీ. ఇప్పుడే వస్తున్నాం. ఆ పెన్ను మాత్రం కింద పెట్టెయ్యండి" అంది.

అప్పటికే ఒక కాలికి చెప్పు తొడిగేసింది. రెండో చెప్పు బల్ల కిందికి పోయింది. వయసు మళ్ళిన ఒళ్ళయినా నేనే వంగి తీసి ఇచ్చాను.